యుద్ధం వార్త వచ్చినప్పుడు మన ఇంటి లెక్క ఎట్ల వేసుకోవాల (పాత కడప జిల్లా వాళ్ళ కోసం)

గల్ఫ్‌లో బాంబులు పడినాయి అని టీవీలో రాంగానే మా వీధిలో మొదట మోగేది కువైట్ ఫోన్లు. బాగుండారా, డ్యూటీకి పోతాండారా, తిన్నారా, అంతే. రెండో రోజు పెట్రోల్ బంకు దగ్గర క్యూ. మూడో రోజు ఎవరో ఒకరు ప్రొద్దుటూరు పోయి బంగారం రేటు కనుక్కోని వస్తారు. ఈ మూడు రోజుల్లో మనం చేసే పనుల్లో సగం భయంతో చేసేవే, లెక్క వేసుకోని చేసేవి కావు. మా ఇంట్లో ముగ్గురు కువైట్‌లో పని చేసినారు, మా మామ ఓబులవారిపల్లె పక్క ముగ్గురాయి (బెరైటీస్) మిల్లులో చాలా ఏండ్లు ఉన్నాడు, అందుకని ఈ విషయం నేను చిన్నప్పట్నుంచి వింటానే పెరిగినా. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు రాస్తాండా.

ముందు ఒకటి చేయండి, ఎవరు గెలుస్తారు అనే డిబేట్ పక్కన పెట్టండి. దాని బదులు మూడు అడగండి: ఏ సరుకు ఆగింది, బిల్లు ఏ కరెన్సీలో కట్టాల, అప్పు చివరికి ఎవరి నెత్తిన పడింది.

మూడోది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే బయటి దేశం కూడా అక్కర్లేదు, మన జిల్లా కథే చాలు. టిప్పు సుల్తాన్ మీద యుద్ధాల్లో నిజాం ఇంగ్లీషోళ్ళ పక్క ఉన్నాడు, 1792లో, 1799లో వాటా కింద ఈ ప్రాంతాలు ఆయనకి వచ్చినాయి. గెలిచిన పక్కనే ఉన్నాడు కదా. కానీ తన దగ్గర పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కట్టాల, దాని కింద 1800లో కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలన్నీ కంపెనీకే రాసిచ్చేసినాడు. అందుకే మనల్ని దత్త మండలాలు అన్నారు, రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో వచ్చేదాకా అదే పేరు. యుద్ధం గెలిచి కూడా ఖర్చు కింద భూమి పోగొట్టుకోవడం అంటే ఇదే, నాకు ఇది చదివినప్పుడు చానా బాధ అనిపించింది.

సరే, మొదటి ప్రశ్న, సరుకు ఆగిందా లేదా. దీనికి ఫోన్‌లో మ్యాప్ తెరవండి. హోర్ముజ్ జలసంధి అని కొట్టండి, ఇరాన్‌కి ఒమన్‌కి మధ్య సన్న సందు. ప్రపంచం వాడే ఆయిల్‌లో ఇంచుమించు ఐదో వంతు ఈ సందులో నుంచే పోయే దారి. కువైట్ ఆయిల్‌కి వేరే దారే లేదు. మన గ్యాస్ సిలిండర్ల కత కూడా ఇక్కడే ఉండాది, మన దేశం వాడే ఎల్‌పీజీలో సగానికి పైన బయటనుంచే వస్తుంది, అందులో ఎక్కువ భాగం గల్ఫ్‌దే. ఇంకో సందు ఎర్ర సముద్రం మూతి దగ్గర ఉన్న బాబ్ ఎల్ మందేబ్, 2023 నవంబర్ నుంచి యెమెన్‌లో ఉండే హౌతీలు అనే సాయుధ గుంపు ఓడల మీద దాడులు మొదలుపెట్టినాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది, ఎన్నో రోజులు ఎక్కువ, కిరాయి ఎక్కువ.

ఇప్పుడు చూడాల్సింది, ఈ సందుల్లో ఓడలు నడుస్తాండాయా అని. బాంబులు పడటం వేరు, ఓడలు ఆగటం వేరు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకున్నాయి, బ్యారెల్ 80 డాలర్ల దగ్గరికి పోయింది, కాల్పులు ఆగుతాండాయి అనంగానే 70 కిందికి వచ్చేసింది, ఎందుకంటే ఆయిల్ పోవడం ఆగలేదు. అదే 1973 అక్టోబర్ యుద్ధంలో అరబ్ దేశాలు అమ్మడమే ఆపేసినాయి, బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉండేది కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దగ్గరికి చేరింది, మళ్ళీ పాత రేటుకి రానేలేదు. కాబట్టి మొదటి వారం రేటు చూసి ఏ నిర్ణయం తీసుకోవద్దండి. రెండు మూడు వారాలైనా సరుకు కదలకపోతే అప్పుడు నిజంగా భయపడాల. మన దేశం విశాఖ, మంగళూరు, పాదూరులో భూమి కింద గుహల్లో దాచుకునే క్రూడ్ (శుద్ధి చేయని ఆయిల్) మొత్తం కెపాసిటీ 53 లక్షల టన్నులు, పది రోజులు కూడా సరిగా రాదు, మిగతాది కంపెనీల ట్యాంకుల్లో ఉండేదే.

తర్వాత బ్యారెల్ లెక్క. ఇది అందరూ నేర్చుకోవాల, కష్టం లేదు. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు. బ్యారెల్ రేటుని డాలర్ రేటుతో గుణించి 159తో భాగించండి, అది లీటర్ క్రూడ్ మన రూపాయల్లో. 80 డాలర్ల బ్యారెల్, డాలర్ 85 రూపాయలు అనుకోండి, లీటర్ 42 రూపాయల 77 పైసలు. దీని మీద శుద్ధి చేసే ఖర్చు, కేంద్రం ట్యాక్సు, రాష్ట్రం వ్యాట్, డీలర్ కమీషన్ అన్నీ పడి బంకులో మీరు కట్టే రేటు. బ్యారెల్ 10 డాలర్లు పెరిగితే లీటర్ మీద 5 రూపాయల 35 పైసలు, ట్యాక్సు కాకుండా. ఇంకోటి గమనించండి, బ్యారెల్ 80 దగ్గరే ఉండి డాలర్ మాత్రం 80 రూపాయల నుంచి 85 అయినా లీటర్ మీద రెండున్నర రూపాయలు పెరుగుతుంది. అంటే ఆయిల్ రేటు పెరగకపోయినా రూపాయి పడితే మనకి పెరిగినట్టే, మన క్రూడ్‌లో 85 శాతానికి పైగా బయటనుంచే కొంటాం కాబట్టి.

కానీ బంకు రేటు మారలేదు కదా, యుద్ధం మనల్ని తాకలేదు అనుకోవద్దు. తాకిన చోటు వేరే ఉంటుంది. యూరియా చూడండి, 45 కేజీల బస్తా 266 రూపాయల 50 పైసలు, ఉక్రెయిన్ యుద్ధం ముందూ అదే, తర్వాతా అదే. యూరియా చేసేది నేచురల్ గ్యాస్‌తో, ఆ గ్యాస్ రేటు ప్రపంచమంతా ఎగిరిపోయింది, మరి తేడా ఎవరు కట్టినారు? ప్రభుత్వం కట్టింది, 2022-23లో ఒక్క ఎరువుల సబ్సిడీనే రెండున్నర లక్షల కోట్లు అయింది. ఖజానాలో లేని డబ్బులు అప్పు తెచ్చి కట్టినారు, ఆ అప్పుకి వడ్డీ మన ట్యాక్సులోనుంచే పోతాది, మన పిల్లోళ్ళ ట్యాక్సులోనుంచి కూడా. యుద్ధం యాడో జరిగినా మన దేశం అప్పు పెరగడం అంటే ఇట్లనే, చప్పుడు లేకుండా. నూనె మాత్రం దాచలేకపోయినారు, సన్‌ఫ్లవర్ ఆయిల్ ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచి కొనేవాళ్ళం కదా, 2022లో లీటర్ 200 దాకా పోయింది. చెనిక్కాయలు పండించే సీమలో కూర్చోని నల్ల సముద్రం నూనె కోసం ఎదురుచూసినాం, దీని గురించి మనం ఇంకా గట్టిగా మాట్లాడుకోవాల.

ఇప్పుడు దేశం తట్టుకుంటుందా లేదా ఎట్ల తెలుసుకోవాల. ప్రతి శుక్రవారం రిజర్వు బ్యాంకు విదేశీ మారకం నిల్వలు ఎంతో చెప్తుంది, పేపర్లో చిన్న వార్తగా వస్తుంది. దాన్ని నెల దిగుమతుల బిల్లుతో భాగించండి, ఎన్ని నెలలు నడుస్తుందో వస్తుంది. 600 బిలియన్ డాలర్లు నిల్వ ఉండి నెలకి 60 బిలియన్ల సరుకు కొంటే పది నెలలు. ఇది ఎందుకు చూడాలంటే 1991లో ఈ లెక్క నెలల్లో కాదు, వారాల్లోకి వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది, ఆయిల్ రేటు రెండింతలు దాటింది, గల్ఫ్ నుంచి మనోళ్ళు పంపే డబ్బులు తగ్గిపోయినాయి, అప్పటికే అప్పుల్లో ఉన్న దేశం ఇంగ తట్టుకోలేకపోయింది. ఇరవై టన్నుల బంగారం అమ్మినారు, తర్వాత 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టు పెట్టినారు. ఇంటి కష్టానికి మెడలో గొలుసు బ్యాంకులో పెట్టినట్టే, దేశం చేసింది అదే. అప్పుడు ప్రధాని అయిన పీవీ నరసింహారావు గారు ఎంపీ కూడా కాదు, ఆ ఏడు నవంబర్‌లో మన పక్కనే నంద్యాల ఉప ఎన్నికలో ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించి పంపినారు జనం. కువైట్‌లో మొదలైన యుద్ధం మన దేశం వ్యాపారం నడిచే తీరునే మార్చేసింది.

రెండో ప్రశ్న దగ్గరికి వస్తే, బిల్లు ఏ కరెన్సీలో. ఇక్కడే పెద్ద దేశాల బలం అంతా ఉండాది. రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన బ్రిటన్ 1946లో అమెరికా దగ్గర 3.75 బిలియన్ డాలర్ల అప్పు తీసుకుంది, ఆఖరి కంతు కట్టింది 2006 డిసెంబర్‌లో, అరవై ఏండ్లు. అదే బ్రిటన్ వాళ్ళు 1956లో సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద పోయినారు, సైన్యం ముందుకు పోతానే ఉండాది, కానీ పౌండు పడిపోతా ఉంటే అమెరికా అప్పు ఇయ్యం అనింది, అంతే, వారంలో ఆపేసినారు. అప్పు ఇచ్చినోడు ఆగు అంటే ఆగాల్సిందే, మన ఊర్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నోళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

1973 తర్వాత గల్ఫ్ దేశాలు ఆయిల్ డాలర్లకే అమ్మినాయి, మిగిలిన డాలర్లు మళ్ళీ అమెరికా బాండ్లలోనే పెట్టినాయి, అందుకే అందరికీ డాలర్లు కావాల్సి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ మీద పోయినందుకు రష్యా దాచుకున్న 300 బిలియన్ డాలర్ల దాకా పశ్చిమ దేశాలు ఆపేసినాయి. అది చూసి మిగతా దేశాలు మన డబ్బు కూడా ఇట్ల ఆపితే ఎట్ల అని ఆలోచన చేసినాయి, 2022, 2023, 2024 మూడేండ్లూ కేంద్ర బ్యాంకులు ఏడాదికి వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. మన రిజర్వు బ్యాంకు 2024లో ఇంగ్లండ్ నుంచి 100 టన్నులు ఇంటికి తెచ్చుకుంది. ప్రొద్దుటూరులో తులం రేటు పెరగడం వెనక ఇది కూడా ఉండాది, ఒక్క పెండ్లిళ్ళ సీజనే కాదు. నా సలహా, యుద్ధం మొదలైన వారంలో భయంతో కొనొద్దు, పెండ్లికి కావాల్సిందైతే ఏడాది పొడుగునా కొంచెం కొంచెం కొనుక్కోండి, వడ్డీకి తెచ్చి మాత్రం అస్సలు కొనొద్దు.

ఎవరికి లాభం వచ్చిందో కూడా చూడాల, రేపు ఎవరి మీద ఆధారపడతామో అక్కడ తెలుస్తుంది. యూరప్ గ్యాస్‌లో 40 శాతం దాకా రష్యా పైపుల నుంచే వచ్చేది. యుద్ధం తర్వాత జర్మనీ 2022 డిసెంబర్ కల్లా విల్‌హెల్మ్స్‌హావెన్‌లో ఎల్‌ఎన్‌జీ (బాగా చల్లబరిచి ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చే గ్యాస్) టర్మినల్ తెరిచింది, 2023లో ఎల్‌ఎన్‌జీ అమ్మేదాంట్లో అమెరికా నంబర్ వన్ అయింది. మనం రష్యా క్రూడ్ 2 శాతం కూడా కొనేవాళ్ళం కాదు, తర్వాత మూడో వంతు దాటింది. ఆధారపడటం పోలేదు, మనిషి మారినాడు. సోలార్ అయినా అంతే, మైలవరం పక్క పరిచిన ప్లేట్లు చూస్తే సంతోషమే, కానీ ప్రపంచంలో ప్లేట్లు, దాని సామాను తయారీలో 80 శాతానికి పైగా చైనా చేతిలోనే ఉండాది. మన తుమ్మలపల్లె యురేనియం, మన ఎండ మన దగ్గరే ఉన్నా మిషన్లు మనవి కాకపోతే సగం పనే అయినట్టు.

మన పాత కడప జిల్లా వాళ్ళకి మాత్రమే తెలిసేది ఇంకోటి ఉండాది, మంగంపేట ముగ్గురాయి. ఆయిల్ బావి తవ్వేటప్పుడు కింద నుంచి గ్యాస్ ఎగదన్నకుండా బరువైన బురద పోస్తారు, ఆ బరువు కోసం కలిపేది ఈ రాయి పొడే. ఆయిల్ రేటు పెరిగి నిలబడితే ప్రపంచంలో బావులు ఎక్కువ తవ్వుతారు, పొడికి ఆర్డర్లు వస్తాయి, రేటు పడితే ఆగిపోతాయి. 2020లో ఆయిల్ కుప్పకూలినప్పుడు మా మామ మిల్లులో షిఫ్టులు తగ్గించినారు. అందుకని మిల్లులో పని చేసేవాళ్ళు, లారీ కిరాయికి తిప్పేవాళ్ళు యుద్ధం మొదలైందని వెంటనే కొత్త లారీకి ఫైనాన్స్ తీసుకోవద్దండి. రేటు ఆరు నెలలన్నా నిలబడిందా చూసుకోని అప్పుడు ఆలోచించండి.

ఆఖరికి కువైట్‌లో మనోళ్ళు ఉన్న ఇండ్లకి, రాజంపేట, కోడూరు, రాయచోటి పక్క ప్రతి వీధిలోనూ ఉంటారు. రూపాయి పడితే దినార్‌కి ఎక్కువ వస్తుంది, అది చూసి ఇక్కడ ఇల్లు మొదలుపెట్టి అప్పు చేస్తారు, ఉద్యోగం పోతే ఆ అప్పు ఒక్కటే మిగుల్తుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు ఇక్కడి బ్యాంకులో పెట్టినాకనే ఏదైనా. 1990లో మా చిన్నాయన బాగ్దాద్ మీదుగా బస్సులో జోర్డాన్ అమ్మాన్ చేరి అక్కడ నుంచి ఎయిరిండియా ఫ్లైట్‌లో బొంబాయి వచ్చినాడు, అట్ల లక్షా డెబ్భై వేల మంది దాకా వచ్చినారు. ఆయన దాచుకున్న దినార్లు అక్కడే పోయినాయి. తర్వాత ఐక్యరాజ్య సమితి నష్టపరిహారం ఇప్పించింది, ఇరాక్ ఆయిల్ అమ్మిన డబ్బులోనుంచి 52.4 బిలియన్ డాలర్లు కట్టుకుంటా వచ్చి 2022 జనవరికి పూర్తి చేసింది. కానీ ఫారం నింపాలంటే అక్కడ ఉన్నట్టు రుజువు కావాల. మా చిన్నాయన అకామా (అక్కడ ఉండేదానికి ఇచ్చే పర్మిట్) చొక్కా లోపలి జేబులో కుట్టుకోని తెచ్చినాడు కాబట్టి ఆయనకి వచ్చింది, ఆయన రూంలోనే ఉన్న ఇంకో ఆయనకి తిరిగి తిరిగి చెప్పులు అరిగినాయి.

ఇప్పుడైతే అంత కష్టం లేదు. ఈరోజు రాత్రి ఫోన్ చేసినప్పుడు సివిల్ ఐడీ, పాస్‌పోర్టు, వీసా పేజీ, కంపెనీ అగ్రిమెంటు, ఆఖరి మూడు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తీసి పంపమని చెప్పండి. వచ్చినాక రెండు సెట్లు జిరాక్స్ తీపించి ఒకటి బీరువాలో, ఇంకోటి వేరే ఇంట్లో, మేనత్త దగ్గరో అక్క దగ్గరో పెట్టండి.