పెద్దల సంరక్షణ పని నేర్పేవారికి – పాఠం 4: మంచం మీంచి కుర్చీలోకి

కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటి వారం మీరు ఏమేం నేర్పుతారో రాసి ఉంచమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం తీయండి. అందులో ఎక్కడైనా "పేషెంట్‌ను ఎత్తి కూర్చోబెట్టడం" అని ఉంటే కొట్టేయండి. మనం ఎత్తం. వాళ్లు లేస్తారు, మనం ఆసరా ఇస్తాం. కొత్తవాళ్ల చేతులకు ఈ తేడా అలవాటు చేయడమే ఇవాళ్టి పాఠం.

మాటల్లో తేడాయే కదా అనుకోకండి. థామస్ వాటర్స్ అనే అమెరికా శాస్త్రవేత్త 2007లో లెక్కగట్టి చూపించాడు: మనిషిని చేతులతో ఎత్తాల్సి వస్తే దాటకూడని బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు. అదీ అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు. మన చేతిలో ఉన్న మనిషి పెట్టెలాగా కదలకుండా ఉండరు. మధ్యలో జారతారు, భయంతో బిగుసుకుపోతారు, మన మెడ పట్టుకుంటారు. నాతో పనిచేసి మానేసినవాళ్ల నోట జీతం మాట తర్వాత ఎక్కువగా విన్నది నడుం నొప్పి గురించే.

మొదట్లో నేనూ తప్పే చేశాను. పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయిన ఒక పెద్దాయన్ని చకచకా కుర్చీలో కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన ఆవిడతో "చూశారుగా, అంతే" అన్నాను. మర్నాడు ఆవిడ ఒక్కతే ప్రయత్నించింది. చంకల కింద చేతులు పెట్టి లాగింది. భుజం నొప్పికి ఆయన గట్టిగా అరిచారు. ఆవిడ బెదిరిపోయింది. మూడో రోజు రాలేదు. ఆవిడకు కనిపించింది నా చేతులు మాత్రమే. నా పాదాలు ఎక్కడ పెట్టానో, లేపే ముందు ఎందుకు ఆగానో ఎవరు చెప్పారు గనక?

నేర్పే ముందు పని మీకు విడివిడిగా తెలియాలి. ఒక వైపు బలం తగ్గినవాళ్లయితే, బలం ఉన్న వైపు చక్రాల కుర్చీ వేసి మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టండి. బ్రేకులు వేశాక ఒకసారి కుదిపి చూడండి, వేశామనుకోవడం వేరు, పడటం వేరు. కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు తిప్పేయండి. పెద్దాయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి.

హడావుడిలో అందరూ ఎగ్గొట్టేది ఈ ఆగడాన్నే. పడుకున్న మనిషి లేవగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వయసు పైబడ్డవాళ్లలో బీపీ దానికి తగ్గట్టు త్వరగా సర్దుకోకపోవచ్చు. నిలబడ్డ 3 నిమిషాల్లోపు బీపీ పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గిందంటే అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం. కొత్తవాళ్లకు మొదటి రోజే ఈ అంకెలు అక్కర్లేదు. "తల తిరుగుతోందా అండీ?" అని అడిగి, ముఖం చూస్తూ, జవాబు వచ్చేదాకా ఆగడం వస్తే చాలు.

తర్వాత పాదాలు. రెండూ నేలకు పూర్తిగా ఆని, మోకాళ్లకన్నా కాస్త వెనక్కి ఉండాలి. లేచేటప్పుడు, కింద పడ్డదేదో చూస్తున్నట్టు ముందుకు వంగమనాలి. ఎందుకో తెలియాలంటే చదవడం ఆపి, మీరు కూర్చున్న కుర్చీలోంచి ఏమాత్రం ముందుకు వంగకుండా, చేతులు ఆనించకుండా లేవడానికి చూడండి. లేవలేకపోయారా? మనం వంగనివ్వకుండా పైకి లాగితే ఆయన పరిస్థితీ అంతే.

మన పట్టు, పట్టుకోవడానికే ఆయన నడుముకు కట్టిన బెల్టు మీద ఉండాలి. బలం లేని మోకాలికి మన మోకాలు అడ్డు పెట్టాలి. మన నడుం మెలితిప్పకుండా చిన్న అడుగులతో తిరగాలి. కుర్చీ అంచు ఆయన కాళ్ల వెనక తగిలాక, ఆయన చెయ్యి కుర్చీ చేతిని అందుకున్నాక, అప్పుడు మెల్లగా కిందికి. మధ్యలో పడిపోతుంటే బలవంతంగా నిలబెట్టబోవద్దు. మన ఒంటికి ఆనించుకుని, తల తగలకుండా నెమ్మదిగా నేల మీదికి దించి, సాయానికి పిలవాలి. కాళ్ల మీద బరువు మోపలేనివాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. వాళ్ల కోసం లిఫ్ట్ యంత్రం ఉంది, దాని పాఠం వేరే.

ఇక నేర్పడం. రోడ్నీ పేటన్ అనే సర్జన్ 1998లో చెప్పిన నాలుగు మెట్ల పద్ధతి ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. సాటి ఉద్యోగి ఎవరినైనా పేషెంట్‌గా పెట్టుకోండి. మొదటిసారి మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపించండి. రెండోసారి ఆగి ఆగి, ఏది ఎందుకో చెబుతూ చేయండి. మూడోసారి నేర్చుకునే ఆవిడ చెప్పాలి, మీరు చేయాలి. నాలుగోసారి ఆవిడే చెబుతూ చేస్తుంది.

మూడో మెట్టును చాలామంది దాటేస్తారు. నా లెక్కలో అసలు పని జరిగేది అక్కడే. ఆవిడ చెప్పనిది మీరు చేయకూడదు. ఒకసారి ఇలా జరిగింది.

"ఇప్పుడు లేపండి మేడమ్."

నేను కదల్లేదు.

"బ్రేకులు వేశాం కదా. తల తిరుగుతోందేమో కూడా అడిగాం..."

"కాళ్లు చూడమ్మా."

"అయ్యో, ఉత్త సాక్సులే. జారిపోతారు!"

పట్టు ఉన్న చెప్పులు తొడగాలని నేను పదిసార్లు చెప్పినా అంతలా గుర్తుండేది కాదు. తప్పు తనంతట తనే పట్టుకుంది కాబట్టి ఇక మర్చిపోదు. అరనిమిషం నోరు మూసుకుని నిలబడటం మనకే కష్టం.

ఆ తర్వాత నేర్చుకునే ఆవిడనే పేషెంట్‌గా కూర్చోబెట్టండి. ఒక చెయ్యి వాడకూడదని చెప్పి, ఎప్పుడు లేపుతున్నారో మాత్రం చెప్పకుండా లేపబోండి. ఒళ్లు ఎలా బిగుసుకుంటుందో ఆవిడకే తెలుస్తుంది. అదే పని "మూడు అనగానే లేద్దాం" అని చెప్పి చేయండి.

ఇంతసేపు ఎవరికి కుదురుతుంది అంటారా? 1987లో అమెరికా చేసిన చట్టం కింద, అక్కడి వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఇవ్వాలి. అందులో కనీసం 16 గంటలు ఎవరైనా పక్కనుండి చూస్తుండగా స్వయంగా చేసి నేర్చుకోవాలి. మనం అడుగుతున్నది ఒక్క పనికి ఒక గంట.

నిజమైన పేషెంట్ దగ్గర మొదటి కొన్నిసార్లు మీరు పక్కనే ఉండండి. ప్రమాదం అనిపిస్తే వెంటనే ఆపండి. చిన్న పొరపాటైతే బయటికి వచ్చాక చెప్పండి, అదీ రోజుకు ఒక్కటే. పెద్దాయన ముందు చీవాట్లు పెడితే ఆవిడ చేతి మీద ఆయనకు నమ్మకం పోతుంది, రేపు ఆ చేతికి ఆయన సహకరించరు.

ఈ వారం అభ్యాసం: రెండో మెట్టులో మీరు చెప్పే మాటలను ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. "జాగ్రత్తగా", "సరిగ్గా", "మెల్లగా" అన్న చోటల్లా గీత గీయండి. ప్రతి గీత దగ్గరా కాలు ఎక్కడ, చెయ్యి ఎక్కడ, ఎంతసేపు అన్నది రాయండి. నాకు మొదటిసారి పదకొండు గీతలు వచ్చాయి. వచ్చే పాఠం, పడక పుండ్లు రాకుండా పక్కకు తిప్పడం. దానికి మూడు దిండ్లు దగ్గర పెట్టుకోండి.