పిన్ కంట్రోలర్‌లకు ఉమ్మడి స్కీమా రాయడం ఎలా?

ఒక చిప్‌కు వందల కొద్దీ పిన్నులుండొచ్చు. వాటిలో చాలావాటికి స్థిరమైన పని అంటూ ఉండదు. ఒకే పిన్నును ఒక బోర్డు మీద సీరియల్ పోర్టుకు, ఇంకో బోర్డు మీద ఐటూసీకి (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల లింకు), మరోచోట ఎల్ఈడీ వెలిగించడానికి వాడతారు. ఏ పిన్ను ఏ పని చేయాలి, లోపలి పుల్-అప్ రెసిస్టర్ (ఏ సిగ్నలూ లేనప్పుడు పిన్నును హై స్థాయిలో నిలిపేది) కలపాలా వద్దా, ఎంత కరెంటు ఇవ్వాలి అన్నవి పిన్ కంట్రోలర్ చూసుకుంటుంది. లినక్స్‌లో ఈ వివరాలను డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీది హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే ఫైల్లో రాస్తారు. అందులోని ఒక్కో భాగాన్ని నోడ్ అనీ, నోడ్‌లో ఉండే పేరు-విలువ జతను ప్రాపర్టీ అనీ అంటారు. అందులో ఏ పేర్లు వాడొచ్చు, వాటికి ఎలాంటి విలువలు ఇవ్వొచ్చు అని చెప్పే ఫైలే స్కీమా. దాన్ని యామల్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో, జేసన్ స్కీమా నియమాల ప్రకారం రాస్తారు.

ప్రతి చిప్ కంపెనీ పుల్-అప్‌కు తనకు తోచిన పేరు పెట్టుకుంటే బోర్డు ఫైళ్లు రాసేవాళ్లకు నరకమే. అందుకే అందరికీ చెల్లే భాగాన్ని విడిగా తీసి ఉమ్మడి స్కీమాగా పెడతారు. అలాంటిది కొత్తగా రాయాలన్నా, ఉన్నదానికి ఏదైనా చేర్చాలన్నా ఈ వరుసలో వెళ్లండి.

1. ముందు ఉన్నవి చదవండి

కెర్నల్ సోర్స్‌లో డాక్యుమెంటేషన్ కింద డివైస్‌ట్రీ, దాని కింద బైండింగ్స్, దాని కింద పిన్‌కంట్రోల్ ఫోల్డర్ ఉంటుంది. అందులో మూడు ఫైళ్లు ముఖ్యం. పిన్‌మక్స్-నోడ్ పిన్ను ఏ పని చేయాలో చెబుతుంది: ఫంక్షన్, గ్రూప్స్, పిన్స్ లాంటి ప్రాపర్టీలు అక్కడుంటాయి. పిన్‌సీఎఫ్‌జీ-నోడ్‌లో ఎలక్ట్రికల్ సెట్టింగులు ఉంటాయి. పిన్‌కంట్రోల్ అన్న ఫైలు కంట్రోలర్ నోడ్‌కే సంబంధించినది.

ఈ విభజనను చెడగొట్టకండి. పని ఎంపిక, ఎలక్ట్రికల్ సెట్టింగు వేర్వేరు విషయాలు. కొన్ని హార్డ్‌వేర్‌లలో ఒకటి ఉండి రెండోది ఉండదు. రెండింటినీ ఒకే ఫైల్లో కలిపేస్తే అలాంటి చిప్‌కు అక్కర్లేనిది కూడా మోయాల్సి వస్తుంది.

తర్వాత కనీసం మూడు నాలుగు వేర్వేరు కంపెనీల చిప్‌ల డేటాషీట్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒక్క చిప్‌ను చూసి రాసిన ఉమ్మడి స్కీమా పేరుకే ఉమ్మడి.

2. పేరు, టైపు, యూనిట్ తేల్చండి

తొందరపడకూడనిది ఇక్కడే. డివైస్ ట్రీ బైండింగ్ (ఏ పేరుకు ఏ అర్థమో చెప్పే ఈ నియమాలు) అంటే కెర్నల్ బయటివాళ్లకు ఇచ్చిన మాట. ఇవాళ్టి బోర్డులో ఉన్న ఫైలు రేపటి కెర్నల్‌తోనూ బూట్ కావాలి కాబట్టి, ఒకసారి బయటికి వచ్చిన ప్రాపర్టీ అర్థాన్ని తర్వాత మార్చలేం.

పుల్-అప్ కలపమని చెప్పే బయాస్-పుల్-అప్‌నే చూడండి. కొన్ని చిప్‌లలో అది ఉందా లేదా అన్నదే ముఖ్యం, అంటే విలువ లేకుండా రాస్తే చాలు. ఇంకొన్నింటిలో రెసిస్టెన్స్ ఎంతో ఎంచుకోవచ్చు, అప్పుడు ఓమ్‌లలో అంకె కావాలి. ఉమ్మడి స్కీమా ఈ రెండు రూపాలనూ ఒప్పుకుంటుంది. డ్రైవ్-స్ట్రెంత్ (పిన్ను ఇచ్చే కరెంటు) మిల్లీఆంపియర్లలో ఉంటుంది. అంతకంటే సూక్ష్మంగా కావాల్సినవాళ్లకు మైక్రోఆంపియర్లలో వేరే ప్రాపర్టీ ఉంది. ఇన్‌పుట్-డిబౌన్స్ (బటన్ నొక్కినప్పటి అదురును వడకట్టే సమయం) మైక్రోసెకన్లలో. స్ల్యూ-రేట్ (సిగ్నల్ ఎంత వేగంగా మారాలన్నది) మాత్రం వట్టి అంకె. ఆ అంకెకు అర్థం హార్డ్‌వేర్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఉమ్మడి ఫైలు దానికి యూనిట్ కట్టకుండా వదిలేసింది, అదే సబబు కూడా.

కొత్త పేరు పెడితే యూనిట్‌ను పేరు చివరే చేర్చండి: ఓమ్స్, మైక్రోఆంప్ లాగా. అలా చేస్తే టైపును స్కీమాను పరీక్షించే టూలే అర్థం చేసుకుంటుంది. చిప్ రిజిస్టర్‌లో వేసే అంకెను నేరుగా ప్రాపర్టీ విలువగా పెట్టాలన్న ఆలోచన వస్తే మానుకోండి. రిజిస్టర్లు తరం తరానికీ మారతాయి, ఓమ్‌లు మారవు. ఒక్క కంపెనీకే పనికొచ్చే సెట్టింగు అయితే ఉమ్మడి ఫైల్లోకి తేవద్దు. కంపెనీ ప్రిఫిక్స్, కామా పెట్టి దాన్ని ఆ చిప్ స్కీమాలోనే ఉంచండి.

3. ఫైలు పైభాగం నింపండి

లైసెన్స్ లైన్, ఐడీ, మెటా-స్కీమా (స్కీమా ఎలా ఉండాలో చెప్పే స్కీమా) చిరునామా, టైటిల్, మెయింటెయినర్ల పేర్లు, వివరణ. ఇంకో ఫైల్ నుంచి కాపీ చేసుకుని మార్చుకోండి. ఐడీలోని దారి, ఫైలు ఉన్న చోటు సరిపోకపోతే టూల్ ఒప్పుకోదు.

4. ఉమ్మడి ఫైలును తెరిచి ఉంచండి, చిప్ ఫైలును మూసేయండి

ఈ పనిలో అసలు కిటుకు ఇదే. ఉమ్మడి స్కీమాలో అడిషనల్-ప్రాపర్టీస్ (జాబితాలో లేని పేర్లను ఒప్పుకోవాలా అన్నది) విలువను ట్రూగా పెట్టాలి. దాన్ని వాడుకునే చిప్‌లు తమ సొంత ప్రాపర్టీలు చేర్చుకుంటాయి కదా, ఇక్కడే తలుపు మూస్తే అవన్నీ తప్పులుగా కనిపిస్తాయి.

కానీ తెరిచి ఉన్న స్కీమా తనకు తెలిసిన పేర్లనే పరీక్షిస్తుంది, తెలియనివాటి జోలికి పోదు. ఎవరైనా బయాస్-పుల్-అప్ అని రాయబోయి మధ్యలో ఒక గీత మరిచిపోతే దానికి అది వేరే పేరు, అంతే. ఏ హెచ్చరికా రాదు. కెర్నల్ కూడా ఆ పేరును పట్టించుకోదు. పుల్-అప్ పడదు, బటన్ ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు సిగ్నల్ వస్తుంది. పైగా పిన్‌సీఎఫ్‌జీ-నోడ్ లాంటి ఫైలు దానంతట అది దేనికీ వర్తించదు. చిప్ స్కీమా రెఫ్‌తో (ఇంకో స్కీమాను కలుపుకునే పదం) పిలిస్తేనే పనిచేస్తుంది.

కాబట్టి మూయాల్సింది చిప్ స్కీమాలో. అక్కడ రెండు దారులున్నాయి. అన్‌ఎవాల్యుయేటెడ్-ప్రాపర్టీస్ ఫాల్స్ అంటే ఉమ్మడి ఫైల్లో ఉన్నవన్నీ చెల్లుతాయి, మిగతావి చెల్లవు. అడిషనల్-ప్రాపర్టీస్ ఫాల్స్ అంటే రెఫ్ ద్వారా వచ్చినవి కూడా లెక్కలోకి రావు, అందుకే వాడుకునే ప్రతి పేరునూ మళ్లీ రాసి పక్కన ట్రూ అనాలి. పిన్ నోడ్‌లకు నేను రెండోదే ఎంచుకుంటాను. టైపింగ్ ఎక్కువే, కాదనను. కానీ స్ల్యూ-రేట్ మార్చే సౌకర్యమే లేని చిప్‌కు ఎవరైనా స్ల్యూ-రేట్ రాస్తే వెంటనే దొరికిపోతుంది.

విలువల పరిధిని బిగించడం కూడా చిప్ ఫైలు పనే. క్వాల్‌కామ్ చిప్‌ల పిన్ కంట్రోలర్‌లో డ్రైవ్-స్ట్రెంత్ 2 నుంచి 16 వరకు సరిసంఖ్యలే. అలాంటి పరిమితిని అందరి ఫైల్లో పెడితే మిగతా కంపెనీల బోర్డులన్నీ తప్పుల చిట్టా అవుతాయి. ఒకే కంపెనీకి చాలా చిప్‌లుంటే మధ్యలో ఇంకో అంచె పెట్టుకోవచ్చు. క్వాల్‌కామ్‌కు టీఎల్ఎమ్ఎమ్-కామన్ (టీఎల్ఎమ్ఎమ్ అన్నది వాళ్ల పిన్ కంట్రోలర్ పేరు) అనే ఫైలు ఉన్నది ఇందుకే.

5. నోడ్ పేర్లకు ప్యాటర్న్ ఇవ్వండి

చైల్డ్ నోడ్ పేరు -పిన్స్ అనో -స్టేట్ అనో ముగియాలని పెట్టండి. ఏ పేరైనా సరే అంటే జీపీఐవో హాగ్ నోడ్‌లు (బూట్ సమయంలోనే ఒక పిన్నును పట్టి ఉంచేవి) కూడా ఇదే నియమం కిందికి వచ్చి అనవసరపు గోల మొదలవుతుంది.

6. పరీక్షించండి

పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో డీటీస్కీమా ప్యాకేజీ వేసుకుని, మేక్‌తో డీటీ_బైండింగ్_చెక్ నడపండి. అది స్కీమానూ, అందులో మీరు రాసిన ఉదాహరణనూ చూస్తుంది. డీటీ_స్కీమా_ఫైల్స్ అన్న వేరియబుల్‌కు మీ ఫైలు పేరు ఇస్తే అన్నింటి కోసం ఆగక్కర్లేదు. పాస్ అయిందని సంబరపడే ముందు ఉదాహరణలో కావాలని ఒక తప్పు రాసి మళ్లీ నడపండి. అప్పుడూ పాస్ అయితే చిప్ స్కీమా ఎక్కడో తెరిచే ఉంది.

తర్వాత డీటీబీఎస్_చెక్. ఇది నిజమైన బోర్డు ఫైళ్లను చూస్తుంది. ఉమ్మడి ఫైలును ముట్టుకున్నారు కాబట్టి మీ బోర్డు ఒక్కటీ చాలదు, వేరే ఆర్కిటెక్చర్‌లకూ నడపాలి. మార్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నడిపి ఫలితాలను పోల్చండి. కొత్తగా వచ్చిన ప్రతి హెచ్చరికకూ ఒకటే ప్రశ్న: బోర్డు ఫైలు తప్పా, మీ నియమం మరీ బిగుతైందా? రెండోదే అయితే వెనక్కి తగ్గండి.

7. పంపే వరుస

ఉమ్మడి స్కీమా మార్పు ఒక ప్యాచ్, చిప్ స్కీమా ఇంకోటి, డ్రైవర్ కోడ్ ఆ తర్వాత. స్కీమానూ డ్రైవర్‌నూ ఒకే ప్యాచ్‌లో కలిపితే విడదీసి మళ్లీ పంపమంటారు. ఉమ్మడి ఫైల్లో కొత్త ప్రాపర్టీ చేరుస్తుంటే, అది ఏ చిప్‌లకు పనికొస్తుందో ప్యాచ్ వివరణలోనే రాయండి. రివ్యూ చేసేవాళ్లు ముందుగా అడిగేది అదే.