రాయిలో చిక్కుకున్న నీటిబొట్టును చదవడం ఎలా?

పాలలా తెల్లగా ఉండే పలుగురాళ్లను మీరు చూసే ఉంటారు. ఆ తెలుపు ఏ రంగు పదార్థం వల్లా వచ్చింది కాదు. రాయి నిండా కంటికి కనిపించని గదులు, వాటిలో నీళ్లు, గ్యాస్. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోవడంతో రాయి తెల్లగా కనిపిస్తుంది. ఖనిజం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడి ద్రవం కాస్త లోపల ఇరుక్కుపోతుంది. దాన్నే ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్ అంటారు. చాలావాటి సైజు మిల్లీమీటరులో వందో వంతుకు అటూ ఇటూ. ఆ ద్రవం ఎంత వేడిది, ఎంత ఉప్పనిది అన్నది ఆ బొట్టే చెబుతుంది. కాకపోతే దాన్ని అడిగే పద్ధతి ఒకటుంది.

1. పలక తయారు చేసుకోండి

వెలుతురు లోపలికి వెళ్లే ఖనిజం కావాలి. క్వార్ట్జ్ (పలుగురాయి), ఫ్లోరైట్, కాల్సైట్, రాతి ఉప్పు లాంటివి. మామూలుగా రాళ్లను మైక్రోస్కోప్‌లో చూడటానికి 0.03 మిల్లీమీటర్ల మందాన పలక కోస్తారు. ఇక్కడ అంత పలచన పనికిరాదు, బొట్లన్నీ తెగి ఖాళీ అయిపోతాయి. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మందం ఉంచి, రెండు వైపులా అద్దంలా పాలిష్ చేయాలి. రంపం నెమ్మదిగా నడపాలి. పలకను గాజుకి అతికించడానికి వేడి చేయాల్సిన జిగురు వాడొద్దు. వేడి తగిలితే బొట్లు పగిలిపోవచ్చు, ఇక మీరు కొలిచేదేదీ నమ్మలేం.

2. తొందరపడకుండా చూడండి

ముందు తక్కువ పవర్‌లో పలకంతా తిరగండి, తర్వాతే దగ్గరికి వెళ్లండి. ఒక గది, అందులో నీళ్లు, నీళ్లలో ఒక గుండ్రటి బుడగ కనిపిస్తుంది. మేస్త్రీ వాడే రసమట్టంలో ఉంటుంది చూడండి, అలాంటిదే. కొన్నిట్లో బుడగ ఆగకుండా వణుకుతూ తిరుగుతుంటుంది. అది నీటి అణువుల తాకిడికి కదిలే బ్రౌనియన్ చలనం. లక్షల ఏళ్లుగా మూసి ఉన్న గదిలో ఇంకా కదులుతున్న ఆ బుడగను చూస్తూ కూర్చుంటే పని సంగతే మర్చిపోతాం!

ఆ బుడగ ఎందుకొచ్చిందో 1858లో ఇంగ్లండ్ భూవిజ్ఞాన శాస్త్రవేత్త హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ వివరించాడు. ద్రవం లోపల చిక్కినప్పుడు వేడిగా ఉండి గదినంతా నింపేసింది. చల్లారాక కుంచించుకుపోయింది, ఖాళీ అయిన చోట బుడగ ఏర్పడింది. అంటే మళ్లీ వేడి చేస్తే బుడగ మాయం కావాలి. ఈ పనంతా ఆ ఒక్క ఆలోచన మీదే నడుస్తోంది.

జిగురులో పడ్డ గాలి బుడగల్ని చూసి మోసపోకండి. ఫోకస్ మార్చి చూడండి. అది రాయి లోపల కాకుండా రాయికీ గాజుకీ మధ్య కనిపిస్తే వదిలేయండి.

3. అది ఎప్పుడు చిక్కుకుందో తేల్చుకోండి

అసలు కష్టమంతా ఇక్కడే. కొలతలు మిషన్ తీసిపెడుతుంది, ఈ తీర్పు మాత్రం మీరే చెప్పాలి. స్ఫటికం పొరలు పొరలుగా పెరుగుతుంది. ఆ పొరల వెంట వరసగా ఉన్న బొట్లు స్ఫటికంతో పాటే పుట్టినవి, వాటిని ప్రైమరీ అంటారు. ఆ తర్వాత ఎప్పుడో రాయి పగిలి, పగుల్లోకి వేరే ద్రవం దిగి, పగులు మళ్లీ అతుక్కున్నప్పుడు చిక్కినవి సెకండరీ. ఇవి పొరల్ని అడ్డంగా కోసుకుంటూ పోతాయి. రెండూ పక్కపక్కనే ఉండొచ్చు, మధ్యలో కోట్ల ఏళ్ల తేడా ఉండొచ్చు. రెండిటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు.

అందుకే విడి బొట్టును నమ్మొద్దు. ఒకే పొరలోనో ఒకే పగుల్లోనో ఉన్న గుంపును తీసుకోండి. గుంపులో అన్నిట్లోనూ బుడగ, నీళ్ల నిష్పత్తి దాదాపు ఒకేలా ఉంటే మంచిది. ఒకదాంట్లో పెద్ద బుడగ, పక్కదాంట్లో అసలు బుడగే లేదనుకోండి, పొడవాటి గది నడుం సన్నబడి రెండుగా విడిపోయిందేమో అనుమానించాలి. అలాంటి గుంపును పక్కన పెట్టేయండి.

4. గడ్డకట్టించండి

ఇక్కడి నుంచి ల్యాబ్ పని. మైక్రోస్కోప్ కింద అమర్చే చిన్న స్టేజ్‌లో (పలకను పెట్టి చల్లబరిచే, వేడిచేసే అర) లిక్విడ్ నైట్రోజన్‌తో పలకను చల్లబరుస్తారు. క్వార్ట్జ్ అయితే ముందు చల్లబరచడం, తర్వాత వేడి చేయడం. కాల్సైట్, ఫ్లోరైట్ మెత్తనివి, మంచు ఉబ్బితే గది సాగిపోతుంది కాబట్టి వాటికి వేడి ముందు.

ఇంత చిన్న బొట్టు సున్నా దగ్గర గడ్డకట్టదు, చాలా కిందికి దిగాలి. గడ్డకట్టిన క్షణంలో బుడగ ఒక్కసారిగా నలిగిపోతుంది. తర్వాత నెమ్మదిగా వేడి పెంచుతూ రెండు ఉష్ణోగ్రతలు రాసుకోండి. మంచు కరగడం మొదలయ్యేది ఒకటి, చివరి మంచు పలుకు పోయేది రెండోది. మొదటిది మైనస్ 21.2 డిగ్రీల దగ్గరైతే అందులో ఉన్నది ప్రధానంగా మామూలు ఉప్పు. మైనస్ 50 దగ్గరే మొదలైతే కాల్షియం క్లోరైడ్ అనే మరో లవణం కూడా ఉండే అవకాశం ఎక్కువ. చివరి పలుకు మైనస్ 5 దగ్గర కరిగితే ఉప్పు దాదాపు 7.9 శాతం, అంటే సముద్రపు నీటికి రెట్టింపు పైనే. ఘన పదార్థం మైనస్ 56.6 దగ్గర కరిగిందా, అది కార్బన్ డయాక్సైడ్.

5. వేడి చేయండి

బుడగ చిన్నదవుతూ, చివర్లో అటూ ఇటూ పరిగెడుతూ, ఏదో మూల చీకట్లో దాక్కుంటుంది. పోయిందా, ఉందా? దీనికో కిటుకు ఉంది. కొద్దిగా చల్లార్చండి. వెంటనే మెల్లగా పెరుగుతూ కనిపిస్తే అది పోలేదు. చాలా డిగ్రీలు దిగాక ఒక్కసారిగా టక్కున పుట్టిందంటే నిజంగానే మాయమైందన్నమాట.

240 డిగ్రీల దగ్గర మాయమైతే ఖనిజం 240 దగ్గరే పుట్టిందని రాసేయకండి. అది కనీస ఉష్ణోగ్రత మాత్రమే. లోతులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అసలు వేడి అంతకంటే ఎక్కువే ఉండి ఉంటుంది. ఒక్క మినహాయింపు ఉంది. ఒకే గుంపులో కొన్ని దాదాపు నీళ్లతో, కొన్ని దాదాపు ఆవిరితో నిండి, రెండూ ఒకే ఉష్ణోగ్రత చూపిస్తే ద్రవం అప్పుడు మరుగుతోందని అర్థం. అప్పుడు కొలిచిందే అసలు వేడి, ఒత్తిడిని కూడా లెక్కగట్టొచ్చు.

6. అంకెల్ని నేలతో కలిపి చదవండి

బొట్టులో ఉప్పు పాచిక ఆకారపు పలుకుగా పేరుకుని ఉందా? శిలాద్రవం నుంచి వచ్చిన రాగి నిక్షేపాల్లో ఇలాంటివి మామూలే. కానీ కొలంబియా పచ్చల్లోనూ బుడగ, నీళ్లు, ఉప్పు పలుకు మూడూ కలిసే ఉంటాయి, ఆ ఉప్పుకు శిలాద్రవంతో పనిలేదు. అందుకే రాయి ఎక్కడిదో తెలియకుండా తీర్పు చెప్పొద్దు. 150 నుంచి 300 డిగ్రీల మధ్య, ఉప్పు తక్కువ, మరిగిన గుర్తులు ఉంటే లోతు తక్కువ చోట పడిన బంగారం, వెండి సిరల (రాతి పగుళ్లలో పేరుకున్న చారల) వైపు చూడొచ్చు. కొన్ని బొట్లలో నీళ్లకు బదులు ముడిచమురు ఉంటుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద అది పసుపుగానో నీలంగానో మెరుస్తుంది. ఇప్పుడు ఆ పొరలో చుక్క నూనె లేకపోయినా, ఒకప్పుడు అటుగా చమురు పోయిందని ఆ మెరుపు చెప్పేస్తుంది.