అమెరికన్ కవిత్వాన్ని గొంతెత్తి చదవండి

అమెరికన్ కవిత్వాన్ని మొదటి నుంచి వరసగా చదవకండి. నేను అలాగే మొదలుపెట్టి, పదిహేడో శతాబ్దం దాటకముందే రెండుసార్లు పుస్తకం మూసేశాను. 1855 దగ్గర మొదలుపెట్టండి. ఆ ఏడాది బ్రూక్లిన్‌లో వాల్ట్ విట్మన్ పన్నెండు కవితల ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ను సొంత ఖర్చుతో అచ్చువేయించాడు. కొన్ని పేజీలకు టైపు కూడా తానే కూర్చాడు. అందులో ఒక పొడవాటి పాదాన్ని గట్టిగా చదివి, ఊపిరి ఆగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ప్రాస లేకపోయినా తూగు ఉంటుంది. ఒకే మాటతో మొదలయ్యే పాదాలు ఒకదాని వెనుక ఒకటి వస్తూ దాన్ని నిలబెడతాయి.

వెంటనే ఎమిలీ డికిన్సన్‌ను తీయండి. ఒక్కో పాదంలో పలికే అక్షరాలను (సిలబుల్స్) వేళ్ళ మీద లెక్కపెడితే చాలా కవితల్లో ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు వస్తాయి. అది చర్చి కీర్తనల నడక. ఆమె దాదాపు 1800 కవితలు రాసింది, బతికుండగా అచ్చయినవి పది మాత్రమే. 1890లో తొలి సంపుటి తెచ్చినవారు పాదాల్లో ఆమె పెట్టిన అడ్డగీతలను (డాష్‌లను) చాలావరకు తీసేసి, కొన్ని మాటలు మార్చారు. అలా నున్నగా చేసిన పాఠమే కొన్నేళ్ళు చదివి, ఆమెను మెత్తని కవి అనుకున్నాను. అందుకే చెబుతున్నాను: పుస్తకం కొనేముందు తెరిచి చూడండి, అడ్డగీతలు ఉంటేనే తీసుకోండి. గీత వచ్చినచోట ఆగండి. ఆ మౌనంలోనే సగం కవిత ఉంది.

తర్వాత నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్. 1926 నాటి ‘ది వియరీ బ్లూస్’లో నల్లజాతివారి బ్లూస్ పాటల లయ ఉంది; చదువుతూ కాలితో తాళం వేయండి.

ఇప్పుడు వెనక్కి, 1773కు వెళ్ళండి. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసగా బోస్టన్‌కు తెచ్చిన ఏడెనిమిదేళ్ళ పిల్లకు, తెచ్చిన ఓడ పేరే పెట్టారు: ఫిలిస్. ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకం 1773లో లండన్‌లో అచ్చయింది. ఆమె ద్విపదలు అనుకరణలని ఒకప్పుడు దాటేశాను. హ్యూస్ తర్వాత చదివితే, ఆ ద్విపదల్లోనే స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్న గొంతు వినిపించింది.

ఇంగ్లీషు దగ్గరే ఆగిపోకండి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ద్వీపంలో 1910 నుంచి 1940 వరకు వలస కేంద్రం నడిచింది. అక్కడ నిర్బంధంలో ఉన్న చైనీయులు తమ సంప్రదాయ ఛందస్సుల్లో చెక్క గోడల మీద కవితలు చెక్కారు. చాలావాటికి రాసినవారి పేర్లు లేవు. అనువాదంలోనైనా సరే, వాటినీ గట్టిగానే చదవండి.