జడ్-ఇండెక్స్ 99999 పెట్టినా మెనూ పైకి రావట్లేదా, ఇలా పట్టుకోండి

వెబ్ పేజీలో మెనూ నొక్కితే డ్రాప్‌డౌన్ తెరుచుకుంటుంది కానీ కింద ఉన్న బ్యానర్ వెనక్కి వెళ్లి దాక్కుంటుంది, మనమేమో సీఎస్ఎస్‌లో జడ్-ఇండెక్స్ (ఏది పైన కనిపించాలో చెప్పే నంబర్) 10 పెడతాం, తర్వాత 999, తర్వాత ఒళ్లు మండి 99999. ఒక పాత ప్రాజెక్ట్‌లో ఎవరో 2147483647 పెట్టి వెళ్లారు, మామూలుగా బ్రౌజర్లు అంతకంటే పెద్ద నంబర్ తీసుకోవు, అయినా మెనూ వెనకే ఉంది పాపం.

ముందు ఆ ఎలిమెంట్‌కి పొజిషన్ ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే అది స్టాటిక్, స్టాటిక్‌కి జడ్-ఇండెక్స్ పనిచేయదు, ఫ్లెక్స్ లేదా గ్రిడ్ లేఅవుట్ లోపల నేరుగా ఉన్నవాటికి మాత్రం పనిచేస్తుంది. పొజిషన్ రిలేటివ్ అని ఒక్క లైన్ రాస్తే చాలాసార్లు గొడవ అక్కడే వదిలిపోద్ది.

వదల్లేదా, అయితే స్టాకింగ్ కాంటెక్స్ట్, అంటే లోపలి నంబర్లు లోపలే లెక్కకొచ్చే విడి పొరల గుంపు. రెండో అంతస్తులో వాళ్లు అటక మీద ఎంత పైకి సామాను ఎక్కించినా అది మూడో అంతస్తు నేలకి కిందే కదా, ఇదీ అంతే, మెనూ ఉన్న పేరెంట్ (దాన్ని లోపల పెట్టుకున్న ఎలిమెంట్) కింద అంతస్తులో ఉంటే మెనూకి ఎంత నంబర్ ఇచ్చినా దండగే. ఈ అంతస్తులు మనకి చెప్పకుండానే పుట్టేస్తాయి, అదే చిరాకు. ఒపాసిటీ 0.99 ఉన్నా చాలు, ట్రాన్స్‌ఫార్మ్, ఫిల్టర్, పొజిషన్ ఫిక్స్‌డ్, స్టికీ, ఏదైనా చాలు. నాకు దొరికింది హెడర్ మీద ట్రాన్స్‌లేట్‌వై సున్నా అనే ట్రాన్స్‌ఫార్మ్, యానిమేషన్ కోసం పెట్టి వదిలేసింది, కంటికి ఏ తేడా ఉండదు, నా మధ్యాహ్నం మొత్తం తినేసింది.

పట్టుకోవాలంటే మెనూ మీద రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్‌లోకి వెళ్లండి, అక్కడి నుంచి ఒక్కో పేరెంట్ పైకి ఎక్కుతూ పక్కన స్టైల్స్‌లో ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీ లాంటివాటి టిక్ తీసి చూడండి, ఏది తీస్తే మెనూ బయటపడిందో దొంగ అదే. అవసరం లేకపోతే పీకేయండి. కావాలంటే జడ్-ఇండెక్స్ మెనూకి కాదు ఆ పేరెంట్‌కి ఇవ్వండి, బ్యానర్‌ది 1 అయితే దీనికి 2 చాలు, కానీ పొజిషన్ రిలేటివ్ కూడా పెట్టాలి, ట్రాన్స్‌ఫార్మ్ ఒక్కటే ఉంటే నంబర్‌ని పట్టించుకోదు.

పాపప్ అయితే ఇదంతా ఎందుకు, డైలాగ్ ట్యాగ్ వాడి షోమోడల్‌తో తెరవండి, అది అన్ని అంతస్తులూ దాటి టాప్ లేయర్‌లో, అంటే పేజీ మొత్తానికీ పైన ఉండే పొరలో కూర్చుంటుంది.

అన్నట్టు మెనూ వెనక్కి పోకుండా కత్తిరించినట్టు సగమే కనిపిస్తుంటే అది వేరే జబ్బు, పైన ఏదో పేరెంట్‌కి ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటిందాన్ని కత్తిరించేది) ఉంటుంది, అది వెతకండి.