సీ-ఆర్మ్ ఉన్న థియేటర్‌లో డ్యూటీ పడితే

ఎక్స్‌రే టెక్నీషియన్‌కు రేడియేషన్ గురించి చదువులోనే చెబుతారు. ఎముకల సర్జన్‌కు, మత్తు డాక్టర్‌కు, స్క్రబ్ నర్సుకు చాలాచోట్ల ఎవరూ చెప్పరు. కానీ థియేటర్‌లో సీ-ఆర్మ్‌ను, అంటే ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే బొమ్మ చూపించే యంత్రాన్ని, నడిపే పెడల్ ఉండేది సర్జన్ కాలి కిందే.

మీ మీద పడే రేడియేషన్‌లో ఎక్కువ భాగం రోగి ఒంటికి తగిలి చెదిరి వచ్చేదే. అందుకే కిరణాలు వదిలే ట్యూబు బల్ల కింద, వాటిని అందుకునే డిటెక్టర్ పైన రోగికి వీలైనంత దగ్గరగా ఉండేలా చూసుకోండి. ట్యూబు పైన ఉంటే ఆ చెదురు కిరణాలు ముఖానికీ మెడకూ ఎక్కువగా తగులుతాయి. సీ-ఆర్మ్‌ను అడ్డంగా తిప్పినప్పుడు డిటెక్టర్ వైపు నిలబడండి. దూరం రెండింతలైతే డోసు (ఒంటికి అందే రేడియేషన్ మోతాదు) దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. చేతిలో పని లేనివాళ్లు రెండడుగులు వెనక్కి జరిగితే చాలు, పైసా ఖర్చులేని రక్షణ.

సీసం ఏప్రాన్‌తో పాటు మెడను కప్పే థైరాయిడ్ కాలర్ కూడా వేసుకోవాలి. అటూ ఇటూ తిరుగుతూ యంత్రానికి వీపు పెట్టేవాళ్లకు ముందు మాత్రమే కప్పే ఏప్రాన్ చాలదు. దాన్ని మడిచి కుర్చీలో పడేస్తే లోపలి సీసం పొర చిట్లుతుంది, పైకి ఏమీ కనబడదు. హ్యాంగర్‌కు తగిలించండి, ఏడాదికోసారి ఫ్లోరోస్కోపీ (తెరపై అప్పటికప్పుడు కనబడే ఎక్స్‌రే) కింద పరీక్ష చేయించండి. సీసం గ్లౌజులు ఉన్నాయన్న ధీమాతో కిరణం దారిలో చేయి పెట్టకండి. చాలా యంత్రాలు అడ్డొచ్చినదాన్ని బట్టి డోసును వాటంతటవే పెంచేస్తాయి.

కళ్లను చాలామంది పట్టించుకోరు. కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌లుగా (డోసును కొలిచే ప్రమాణం) ఉన్న పరిమితిని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో ఐదేళ్ల సగటున 20కి తగ్గించింది. శుక్లాల ముప్పు అనుకున్నదానికంటే తక్కువ డోసుకే ఉందని తేలడమే కారణం. తరచూ ఈ పనిలో ఉండేవాళ్లు సీసం కళ్లద్దాలు అడిగి తీసుకోవాలి.

ఒంటికి తగిలిన డోసును నమోదు చేసే డోసిమీటర్ బ్యాడ్జీ ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోండి. రెండోది ఇస్తే కాలర్ దగ్గర బయటికి. లాకర్‌లో వదిలేసిన బ్యాడ్జీ లాకర్‌కు తగిలిన డోసే చెబుతుంది.

గర్భం అని తెలియగానే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పండి. అక్కడి నుంచి ప్రసవం దాకా బిడ్డకు అందే డోసు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని మార్చాలి.

పెడల్ వదిలాక గదిలో రేడియేషన్ మిగలదు, రోగిని తాకడానికి జంకక్కర్లేదు. న్యూక్లియర్ మెడిసిన్ సంగతి వేరు, అక్కడ రేడియోధార్మిక మందు తీసుకున్న రోగే కాసేపు రేడియేషన్ వెదజల్లుతాడు. ఆ విభాగానికి మారితే శిక్షణ మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలి.