మానసిక జబ్బు నుంచి తేరుకున్నవాళ్లు సాటివాళ్లకి తోడు నిలబడాలంటే

డిప్రెషనో, బైపోలారో (కొన్నాళ్లు మనసు ఉరకలేసి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు), స్కిజోఫ్రెనియానో (లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు వచ్చే జబ్బు) వచ్చి, వైద్యంతో నిలదొక్కుకున్న మనిషి అదే బాధలో ఉన్న ఇంకొకరికి తోడుండటాన్ని పీర్ మెంటరింగ్ అంటున్నారు. ఆ కష్టం తనూ పడ్డాడన్నదే ఈ పనికి పెట్టుబడి. దాన్ని ఎక్కడ, ఎంత వాడాలో తెలియకపోతే మాత్రం సాయం చేయబోయి హాని చేస్తాం. కోనసీమలోనో, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలోనో ఈ పనికి దిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం.

ముందు మీ సంగతి చూసుకోండి. కనీసం ఏడాదిగా జబ్బు తిరగబెట్టకుండా ఉంటే మంచిది. సొంతంగా మందు మానేసి చూస్తున్న రోజుల్లో మొదలుపెట్టొద్దు. మీ డాక్టరుకి చెప్పండి. మీ మనసు కలతపడిన రోజున ఎవరికి ఫోన్ చేస్తారో ముందే అనుకోండి.

మొదటిసారి కలిసేటప్పుడు వీధరుగు వద్దు, పక్కింటివాళ్లకి అన్నీ వినపడతాయి. ఎండ తగ్గాక కాలవ గట్టున నడుస్తూ మాట్లాడండి. పక్కపక్కన నడుస్తుంటే మొహం చూడనక్కర్లేదు, మాట ఆగినా ఇబ్బందిగా ఉండదు. ఆడవాళ్లకి ఆడవాళ్లే తోడు వెళ్లడం మేలు, లేకపోతే ఊళ్లో మాట ఆవిడ మీదే పడుతుంది. ముప్పావుగంట చాలు. మూడు సంగతులు అప్పుడే చెప్పేయండి: నేను డాక్టర్ని కాదు. మీరు చెప్పింది ఎవరికీ చెప్పను, ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకి చెప్తాను. ఫోన్ రాత్రి 9 దాకానే ఎత్తుతాను. ఈ మూడోది మొహమాటానికి దాటేస్తే, నెల తిరక్కుండా మీ నిద్రకే ఎసరొస్తుంది.

అసలు కష్టమంతా సొంత అనుభవం చెప్పడంలోనే ఉంది. కలిసిన రోజే మొత్తం కథ చెప్తే ఎదుటి మనిషి తన బాధ పక్కనపెట్టి మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతాడు. ఆయన ఇప్పుడు మాట్లాడుతున్న విషయానికి సంబంధించిన ముక్క వరకే, రెండు నిమిషాల్లో చెప్పండి. "బిళ్ల వేసుకుంటే పొద్దున మత్తు వదలట్లేదు, పొలానికి వెళ్లలేకపోతున్నా" అన్నాడనుకోండి. "నాకూ మొదట్లో అలాగే ఉండేదండి. డాక్టరు గారికి చెప్తే వేసుకునే వేళ మార్చారు. మీకేం కుదురుతుందో ఆయన్నే అడుగుదాం, గురువారం కలిసి వెళ్దామా?" అంతే. మాట మళ్లీ ఆయన మీదికి రావాలి. మీ బిళ్ల పేరు, డోసు చెప్పకండి, మందుల షాపులో అదే అడిగి కొనుక్కునేవాళ్లుంటారు. చనిపోవాలనుకున్న రోజుల గురించి చెప్పాల్సి వస్తే, ఏం చేయబోయారన్నది వదిలేసి ఎలా బయటపడ్డారో చెప్పండి. చెప్తుంటే మీ గొంతే పూడుకుపోతోందా? ఆ ముక్క ఇప్పుడప్పుడే చెప్పొద్దు. "నేను మనసు గట్టి చేసుకున్నాను, మీరూ చేసుకోండి" అన్న మాట అసలే వద్దు. తనకి ధైర్యం లేకే జబ్బు తగ్గట్లేదని ఆ మనిషి ఇంకా కుంగిపోతాడు.

మందుల దగ్గర మీరు చేయగలిగింది చాలా ఉంది. డిప్రెషన్ మందు గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. కడుపులో తిప్పడం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే రావొచ్చు. ఇది ముందే తెలియకే చాలామంది పదో రోజుకి మానేస్తారు. తగ్గాక కూడా కనీసం 6 నెలలు వాడమంటారు డాక్టర్లు. అమలాపురం నుంచి యానాం మీదుగా కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి (జీజీహెచ్) బయల్దేరేటప్పుడు, అడగాల్సినవి కాగితం మీద రాయించండి. ఓపీలో ఆ రద్దీకి సగం మర్చిపోతారు.

బైపోలార్‌కి ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లని డెల్టా ఎండల్లో ఓ కంట కనిపెట్టాలి. దాళ్వా కోతల్లో చెమటోడితే ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి, రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకున్నా పెరగొచ్చు. చేతులు బాగా వణుకుతున్నా, వాంతులు, విరేచనాలవుతున్నా, నడక తూలుతున్నా ఇంకో బిళ్ల వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లిథియం పరీక్షకి ముందురోజు రాత్రి డోసు వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దుటి బిళ్ల ఆ తర్వాతే.

నిద్ర ఇంకో గండం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు ఏరేటర్లు తిప్పుతారు. ఆ కాపలా బైపోలార్ ఉన్నవాళ్లకి పడదు. వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోతే మేనియా (మనసు అదుపు తప్పి ఉరకలేసే దశ) మొదలవ్వచ్చు. మేత వేసే పగటి పని ఇమ్మని రైతుని అడగడానికి వెంట వెళ్లండి, జబ్బు పేరు చెప్పనక్కర్లేదు.

గాలి సోకిందనో, చేతబడి అనో ఇంట్లోవాళ్లంటే వాదనకి దిగొద్దు. మొక్కు తీర్చుకోండి, బిళ్ల మాత్రం ఆపకండి అంటే వింటారు. గొలుసుతో కట్టేస్తే మాత్రం ఊరుకోకూడదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది.

మాటల్లో అనుమానం తగిలితే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, కలుపుమందులు ఆ ఇంట్లోంచి తీయించి ఇంకెక్కడైనా తాళం వేయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉచితం, ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు. పురుగుమందో, కలుపుమందో తాగేస్తే అంబులెన్సుకి 108 చేయండి. ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు, ఆ మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. వీటిలో కొన్ని రకాలు తాగినవాళ్లు మొదటి రోజు మామూలుగానే కనిపించినా తర్వాత పరిస్థితి విషమిస్తుంది, కాబట్టి ఒక్క గుక్కేగా అని ఆగొద్దు. పోలీసు కేసవుతుందని దాచొద్దు కూడా. ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని అదే చట్టంలోని 115వ సెక్షన్ చెప్తోంది.

మొదట్లో వారానికోసారి కలవండి. కుదుటపడ్డాక పదిహేను రోజులకి, ఆ తర్వాత నెలకి. అప్పు ఇవ్వొద్దు, తీసుకోవద్దు. మీకే నిద్ర తగ్గుతున్నట్టుంటే ఆ వారం రాలేనని చెప్పేసి, మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.